పదోవాడు ఎక్కడ? నవ్వుతూ తత్త్వం చెప్పిన భారతీయ ప్రహసనాలు

కొందరు మిత్రులు ఏరు దాటారు. మొత్తం పది మంది. ఆవలి ఒడ్డుకు చేరాక అందరూ ఉన్నారో లేదో చూద్దామని ఒకడు లెక్కపెట్టాడు. తొమ్మిది మందే తేలారు. మరొకడు లెక్కపెట్టాడు. మళ్లీ తొమ్మిదే. లెక్కపెట్టేవాడు తనను తాను కలుపుకోవడం లేదని ఒక్కరికీ తట్టలేదు. పదోవాడు ఏటిలో కొట్టుకుపోయాడని అందరూ గొల్లుమన్నారు. ఆ దారిన పోతున్న ఒక బాటసారి ఆగి, విషయం విని, ‘ఆ పదోవాడివి నువ్వే కదా’ అని చెప్పేవరకు ఏడుపు ఆగలేదు.

తెలుగు ఇళ్లలో ఇలాంటి కథను పరమానందయ్య శిష్యుల కథల్లో భాగంగా పిల్లలు వింటారు. ఏరు నిద్రపోతోందా, మేలుకొని ఉందా అని కొరివితో పరీక్షించే శిష్యులు, దాటాక లెక్క తప్పి శోకాలు పెడతారు. పిల్లలు పడిపడి నవ్వుతారు. ఇదే కథను అద్వైత వేదాంతం అభ్యసించే విద్యార్థులు గురువు ఎదుట కూర్చొని, ఆత్మజ్ఞానానికి దృష్టాంతంగా చదువుకుంటారు. శంకరాచార్యుల ‘ఉపదేశసాహస్రి’లో ఈ పదోవాడి ప్రస్తావన ఉంది. విద్యారణ్యస్వామి రచనగా ప్రసిద్ధమైన ‘పంచదశి’లో దీనిపై విస్తృతమైన వివరణే ఉంది.

అంటే నవ్వుకోవడానికి పనికొచ్చే కథే మోక్షశాస్త్రానికీ పనికొచ్చిందన్నమాట. ఇది కాకతాళీయం కాదు. తత్త్వశాస్త్రం అనగానే గాంభీర్యం, కఠిన పరిభాష, నిట్టూర్పులు గుర్తుకురావడం సహజం. అయితే భారతదేశంలో తత్త్వచర్చ శాస్త్ర గ్రంథాల్లో ఎంత సాగిందో, నాటకశాలల్లో నవ్వుల నడుమ కూడా అంత ఉత్సాహంగా సాగింది. ఏడో శతాబ్దం నుంచి పదకొండో శతాబ్దం వరకు వెలువడిన కొన్ని సంస్కృత నాటకాలు దీనికి సాక్ష్యం. ఆ నాటకాలు చెప్పే పాఠం, ఎవరిని చూసి ఎవరు నవ్వవచ్చుననే వివాదం తరచూ రేగే నేటి కాలానికీ అవసరమైనదే.

పదోవాడు ఎందుకు పనికొచ్చాడు?

‘పంచదశి’లోని తృప్తిదీప ప్రకరణం ఈ చిన్న కథను ఏడు దశలుగా విడదీస్తుంది. పదోవాణ్ణి తానేనని తెలియకపోవడం అజ్ఞానం. ‘పదోవాడు కనిపించడం లేదు, లేనే లేడు’ అనుకోవడం ఆవరణం. ఏటిలో పోయాడని ఏడవడం విక్షేపం. ‘పదోవాడు ఉన్నాడు’ అని బాటసారి చెప్పగా నమ్మడం పరోక్షజ్ఞానం. ‘నువ్వే ఆ పదోవాడివి’ అనగానే గ్రహించడం అపరోక్షజ్ఞానం. ఆ తరువాత దుఃఖం తొలగిపోవడం, తృప్తి కలగడం చివరి రెండు దశలు.

ఈ ఏడు పారిభాషిక పదాలను నేరుగా బోధిస్తే కొత్త విద్యార్థికి అవి బరువుగానే తోస్తాయి. కథ వెంట నడిస్తే ఒక్క పదం కూడా బరువనిపించదు. ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. హాస్యం ఈ పాఠానికి పైపూత కాదు. కథలోని మూర్ఖులకు తెలియనిది వినేవాడికి ముందే తెలుసు. అందుకే వాడు నవ్వుతాడు. సరిగ్గా ఆ క్షణంలో గురువు ప్రశ్నను వినేవాడి వైపు తిప్పుతాడు. ‘ఆత్మ ఎక్కడుందని బయటంతా వెతుకుతున్నావే, వెతికేవాణ్ణి లెక్కలో వేసుకున్నావా?’ అన్నదే ఆ ప్రశ్న. మొదటి నవ్వు ఎదుటివాడి మీద. రెండో నవ్వు తన మీద తనకే. ఆ రెండింటి మధ్య దూరంలోనే తత్త్వం అర్థమవుతుంది.

ప్రహసనం అంటే ఏమిటి?

ఇవాళ తెలుగు వార్తల్లో ‘సమావేశం ప్రహసనంగా ముగిసింది’ అని రాస్తే, అది మొక్కుబడి తంతు అని అర్థం. ఆ పదానికి మొదట ఉన్న గౌరవం వేరు. భరతుని నాట్యశాస్త్రం చెప్పిన పది రకాల రూపకాల్లో ప్రహసనం ఒకటి. శృంగారం, వీరం, కరుణ వంటి ఎనిమిది రసాల్లో హాస్యానికి సమాన స్థానం ఉంది. నవ్వును సైతం ఆ శాస్త్రం ఆరు విధాలుగా వర్గీకరించింది. పెదవులు కదిలీ కదలని స్మితం మొదలుకొని హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, ఒళ్లు మరచిన అతిహసితం వరకు మెట్లు కట్టింది.

ప్రహసనంలో పాత్రలు సాధారణంగా సన్యాసులు, పండితులు, భిక్షువులు, వైద్యులు, విటులు. అంటే సమాజానికి జ్ఞానం చెప్పేవారు, లేదా చెబుతున్నామని అనుకునేవారు. వారి ఉపదేశానికీ ప్రవర్తనకూ మధ్య ఉన్న అంతరమే నవ్వుకు మూలం.

అయితే ఆ నవ్వుకు ఉన్న ప్రమాదం కూడా నాట్యశాస్త్రానికి తెలుసు. గ్రంథం చివర ఒక కథ వస్తుంది. నాట్యవిద్యలో ఆరితేరిన భరతుని కుమారులు గర్వించి, ఋషులను ఎగతాళి చేస్తూ ప్రదర్శనలు ఇచ్చారు. ఆగ్రహించిన ఋషులు వారిని శపించారు. ఫలితంగా నటవంశం సామాజిక హోదా కోల్పోయిందని ఆ కథ చెబుతుంది. నాట్యాన్ని ఐదో వేదమని కీర్తించిన గ్రంథమే, నవ్వించినవారు చెల్లించిన మూల్యాన్ని కూడా నమోదు చేసింది. ఆ తరువాత ప్రహసనాలు రాసిన ప్రతి ఒక్కరి ముందూ ఇదే ప్రశ్న నిలిచింది: ఎగతాళికీ, విచారణకూ మధ్య గీత ఎక్కడ?

కంచి వీధిలో పోయిన కపాలం

లభ్యమవుతున్న ప్రాచీన ప్రహసనాల్లో ప్రసిద్ధమైనది ‘మత్తవిలాస ప్రహసనం’. రచయిత పల్లవ రాజు మొదటి మహేంద్రవర్మ. ఏడో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో కంచి రాజధానిగా పాలించాడు. ఇటుక, కలప, లోహం, సున్నం లేకుండా కొండను తొలిచి ఆలయం నిర్మించానని మండగపట్టు శాసనంలో చెప్పుకున్న రాజు ఇతడే. పల్నాడులోని చేజర్లలో ఇతని కాలపు శాసనం ఉంది. ఇతని బిరుదుల్లో కొన్ని తెలుగు పదాలేనని శాసన పరిశోధకులు గుర్తించారు. చాలాకాలం మరుగునపడిన ఈ నాటకాన్ని టి. గణపతిశాస్త్రి 1917లో తిరువనంతపురం సంస్కృత గ్రంథమాలలో ప్రచురించారు.

కథ చాలా చిన్నది. సత్యసోముడు అనే కాపాలికుడు, అతని సహచరి దేవసోమ మద్యం మత్తులో కంచి వీధుల్లో తిరుగుతుంటారు. కల్లు దుకాణం అతని కంటికి యజ్ఞశాలలా కనిపిస్తుంది. జెండా కొయ్య యూపస్తంభం, మద్యమే సోమరసం. ఇంతలో భిక్షాపాత్రగా వాడే కపాలం కనిపించడం లేదని గ్రహిస్తాడు. కపాలం లేనివాడు కాపాలికుడు ఎలా అవుతాడన్నదే ఇప్పుడు అతని దిగులు. అందులో కాల్చిన మాంసం ఉంది కనుక, తీసినది కుక్క అయినా కావాలి, బౌద్ధ భిక్షువు అయినా కావాలి అని తీర్మానిస్తాడు.

అదే సమయానికి నాగసేనుడు అనే భిక్షువు ఒక వర్తకుడి ఇంట విందు ముగించుకొని, పాత్రను చీవరం కింద దాచుకొని విహారానికి వెళ్తుంటాడు. అతనికీ ఒక తాత్త్విక సందేహం ఉంది. కరుణామయుడైన బుద్ధుడు మంచి వసతి, మెత్తని పడక, వేళకు భోజనం అనుమతించాడే, మద్యాన్నీ స్త్రీలనూ ఎందుకు నిషేధించాడు? అసూయాపరులైన ముసలి భిక్షువులు గ్రంథం నుంచి ఆ అనుమతులను తొలగించి ఉంటారని అతని అనుమానం. మూలప్రతి ఎక్కడైనా దొరికితే బాగుండునని ఆశ. తమ కోరికకు అనుగుణంగా శాస్త్రాన్ని వెతుక్కునే అలవాటు ఏ ఒక్క మతానిదీ కాదని ప్రేక్షకుడు అప్పుడే గుర్తిస్తాడు.

వీరి తగవులోకి బభ్రుకల్పుడు అనే పాశుపతుడు మధ్యవర్తిగా వస్తాడు. న్యాయస్థానానికి వెళ్దామంటాడు. అప్పుడు దేవసోమ చెప్పే మాట నాటకంలోకెల్లా పదునైనది. విహారాల్లో కూడబెట్టిన ధనంతో భిక్షువు అధికారుల నోళ్లు నింపగలడు, బూడిద తప్ప ఏమీ లేని మాకు అక్కడ కపాలం దక్కేదెలా అని ఆమె అడుగుతుంది. రాజ్యంలోని న్యాయస్థానం గురించి ఈ మాట రాసినవాడు ఆ రాజ్యానికి రాజే.

చివరకు ఒక పిచ్చివాడు కుక్క నోటి నుంచి లాక్కున్న కపాలంతో ప్రవేశిస్తాడు. పోయిన వస్తువు దొరుకుతుంది. ముగ్గురు మతస్థుల వాదప్రతివాదాలు తేల్చలేనిది ఒక పిచ్చివాడి వల్ల తేలిపోతుంది. నాటకం శత్రుత్వంతో కాక సయోధ్యతో ముగుస్తుంది.

ఒక్క శ్లేషలో రెండు సత్యాలు

మత్తవిలాసాన్ని వట్టి వెక్కిరింతగా తీసిపారేయలేకపోవడానికి కారణం, దాని రచయితకు దర్శనాలు నిజంగా తెలిసి ఉండటం. తగవులో ఒకచోట కాపాలికుడు, ఇన్ని చీవరాలు ధరించమని మీ బుద్ధుడు చెప్పింది దాచుకోవడానికేనా అని నిలదీస్తాడు. నిజమేనంటాడు భిక్షువు. అయితే ఇది సంవృతి సత్యం, ఇక పరమార్థ సత్యం చెప్పు అంటాడు కాపాలికుడు.

ఈ చమత్కారం అర్థం కావాలంటే మాధ్యమిక బౌద్ధంలోని రెండు సత్యాల సిద్ధాంతం తెలియాలి. లోకవ్యవహారం నడవడానికి సరిపోయే సత్యం సంవృతి సత్యం. విచారణకు నిలిచే సత్యం పరమార్థ సత్యం. ఈ విభాగాన్ని నిశితంగా ప్రతిపాదించిన ఆచార్య నాగార్జునుణ్ణి సంప్రదాయం కృష్ణా తీరంలోని శ్రీపర్వతంతో ముడిపెడుతుంది. సంవృతి అన్న మాటకు ‘కప్పివేత’ అనే అర్థమూ ఉంది. వస్త్రం పాత్రను కప్పినట్లే, వ్యవహారం వాస్తవాన్ని కప్పుతుంది. ఒక్క శ్లేషతో ఆ సిద్ధాంతంలోని కేంద్ర భావం ప్రేక్షకుడి మనసులో నాటుకుంటుంది.

జైనుల గురించి కాపాలికుడు చేసే విమర్శ కూడా ఇటువంటిదే. ఫలం ఎప్పుడూ తన కారణాన్ని పోలి ఉంటుందని ఒప్పుకుంటూనే, కష్టమైన తపస్సు నుంచి సుఖమైన మోక్షం పుడుతుందని చెప్పడం తమ మాటను తామే ఖండించుకోవడం కాదా అంటాడు. కార్యకారణ సంబంధంపై భారతీయ దర్శనాల మధ్య శతాబ్దాలు సాగిన చర్చకు ఇది తాగుబోతు నోట వచ్చిన సంక్షిప్త రూపం. తర్కం పదునైనదే. దానిని వాడుతున్నవాడు మాత్రం ఆ తర్కంతో మద్యపానాన్ని సమర్థించుకుంటున్నాడు. వాదం సరిగా ఉన్నంత మాత్రాన వాదించేవాడు సరైనవాడు కాడని ప్రేక్షకుడికి విడిగా చెప్పనవసరం లేదు.

ఒంట్లో ఉన్నది ఎవరు?

మామండూరు శాసనంలో మత్తవిలాసంతోపాటు ‘భగవదజ్జుకం’ అనే మరో ప్రహసనం పేరు కూడా కనిపిస్తుంది. దీనిని కొందరు పండితులు మహేంద్రవర్మ రచనగానే భావించగా, బోధాయనుడి రచన అన్నది మరో సంప్రదాయం. ‘భగవాన్’ అంటే పూజ్యుడైన సన్యాసి. ‘అజ్జుక’ అంటే వేశ్య. పేరులోనే విడ్డూరం ఉంది.

ఒక పరివ్రాజకుడికి శాండిల్యుడు అనే శిష్యుడు ఉంటాడు. శాండిల్యుడిది ఆకలి బాధ. తిండి దొరుకుతుందని బౌద్ధుల్లో చేరాడు. వారు ఒంటిపూట భోజనం చేస్తారని తెలిసి, అక్కడి నుంచి పారిపోయి ఇక్కడ మూటలు మోస్తున్నాడు. బుద్ధుడి ఉపదేశం నుంచి ఏం నేర్చుకున్నావని గురువు అడిగితే, ప్రకృతులు ఎనిమిది, వికారాలు పదహారు అంటూ అప్పగిస్తాడు. ఇది సాంఖ్యం కదా, బౌద్ధం ఎక్కడ అంటాడు గురువు. పరీక్షకు ముందు రాత్రి చదివి, ఒక పాఠానికి మరో పాఠం రాసివచ్చిన విద్యార్థి ఏ కాలానికైనా పరిచితుడే.

అసలు కథ ఉద్యానవనంలో మొదలవుతుంది. వసంతసేన అనే గణికను పాము కాటు రూపంలో యమదూత తీసుకుపోతాడు. శిష్యుడు ఏడుస్తుంటే, యోగం అంటే ఏమిటో ప్రత్యక్షంగా చూపాలని గురువు తన ప్రాణాన్ని ఆ గణిక దేహంలో ప్రవేశపెడతాడు. లేచి కూర్చున్న గణిక వేదాంతం మాట్లాడుతుంది, వైద్యుడికే పాఠం చెబుతుంది. పేరు ఒకటే కావడంతో పొరపాటున మరొకరి ప్రాణం తెచ్చానని తెలుసుకున్న యమదూత తిరిగి వస్తాడు. దేహం ఖాళీగా లేకపోవడంతో గణిక ప్రాణాన్ని సన్యాసి శరీరంలో ఉంచుతాడు. ఇప్పుడు కాషాయం కట్టిన సన్యాసి తన ప్రియుడు రామిలకుడి కోసం తహతహలాడుతుంటాడు.

దేహం వేరు, ఆత్మ వేరు అన్నది సాంఖ్య యోగ దర్శనాల మూలసూత్రం. నాటకం దానిని ఖండించదు. ఎటువంటి మినహాయింపూ లేకుండా దానిని ఆచరణలో పెట్టి చూపుతుంది. అప్పుడు ఎదురయ్యే ప్రశ్నలే ప్రేక్షకుణ్ణి వెంటాడతాయి. వసంతసేన తల్లి ఎవరిని కూతురని పిలవాలి? శిష్యుడు ఎవరికి నమస్కరించాలి? ఒకరిని మనం గుర్తించేది ముఖం చూసా, మాట విన్నా, జ్ఞాపకాలను బట్టా? వ్యక్తి తాదాత్మ్యం గురించి ఆధునిక తత్త్వవేత్తలు ఊహాజనిత సందర్భాలు కల్పించి అడిగే ప్రశ్నలను, ఈ ప్రహసనం వెయ్యేళ్లకు పూర్వమే ఒక పూదోటలో ప్రదర్శించింది.

దంభుడి ఇంటికి అహంకారం వచ్చిన వేళ

పదకొండో శతాబ్దంలో కృష్ణమిశ్రుడు రాసిన ‘ప్రబోధచంద్రోదయం’ మరో మార్గం తొక్కింది. చందేల రాజు కీర్తివర్మ ఆస్థానంతో ముడిపడిన ఈ నాటకంలో మనోభావాలే పాత్రలు. వివేకుడు ఒకవైపు, మహామోహుడు మరోవైపు. అద్వైత జ్ఞానమూ విష్ణుభక్తీ కలిసి గెలవడం దీని లక్ష్యం. ఆశయం ఇంత గంభీరమైనా, నాటకంలో ఎక్కువగా గుర్తుండేవి హాస్య సన్నివేశాలే.

కాశీలో దంభుడి ఆశ్రమానికి అహంకారుడు వస్తాడు. దూరంగా నిలబడమంటారు, అతని చెమట బిందువులు గాలికి వచ్చి మీద పడతాయని భయం. బ్రహ్మలోకానికి వెళ్లినప్పుడు సాక్షాత్తు బ్రహ్మే తన తొడను గోమయంతో శుద్ధి చేసుకొని నన్ను కూర్చోబెట్టుకున్నాడని దంభుడు చెప్పుకుంటాడు. మాట మాట పెరిగాక, వచ్చినవాడు తన తాతగారేనని దంభుడికి తెలుస్తుంది. ఆడంబరానికి పుట్టుక అహంకారం నుంచేనన్న నీతివాక్యాన్ని ఎవరూ ఉచ్చరించరు. చుట్టరికమే ఆ పని చేస్తుంది.

తెలుగువారికి ఈ నాటకంతో పాత పరిచయం ఉంది. 15వ శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు దీనిని ‘ప్రబోధచంద్రోదయము’ పేరిట తెలుగు ప్రబంధంగా మలిచారు. 17వ శతాబ్దంలో ఇది పర్షియన్ భాషలోకి కూడా వెళ్లింది. శుష్కమైన వేదాంత గ్రంథానికి ఇటువంటి ప్రయాణం అంత సులువు కాదు. దంభుడిని పోలినవారు ప్రతి ఊళ్లోనూ ఉండటం దీనికి కొంత కారణం కావచ్చు.

నవ్వు అధికారం చేతికి వెళితే?

ఈ నాటకాలన్నిటిలోనూ ఒక ఇబ్బంది ఉంది. వీటిలో అపహాస్యానికి గురైన కాపాలికులు, భిక్షువులు, జైన సాధువులు తమ తరఫున రాసుకున్న ప్రహసనాలు ఇవి కావు. స్త్రీలు, అట్టడుగు కులాలవారు తరచూ హాస్యానికి సాధనాలుగానే మిగిలిపోయారు. ప్రబోధచంద్రోదయంలో ఇతర మతస్థులను చిత్రించిన తీరు కొన్నిచోట్ల వాదం కన్నా దూషణకే దగ్గరగా ఉంటుంది. నవ్వు ఎప్పుడూ నిర్దోషి కాదు.

ఈ సమస్యను అందరికన్నా లోతుగా పట్టుకున్నవాడు కాశ్మీర నైయాయికుడు జయంతభట్టు. ‘న్యాయమంజరి’ వంటి ప్రౌఢ శాస్త్రగ్రంథాన్ని, రాజు తనను నిర్బంధించిన నిశ్శబ్ద స్థలంలో, కాలక్షేపంగా రాశానని చెప్పుకున్న పండితుడాయన. తొమ్మిదో శతాబ్దం చివర రాజు శంకరవర్మ కాలంలో జీవించిన జయంతుడు ‘ఆగమడంబరం’ అనే నాలుగంకాల నాటకం రాశాడు.

కథానాయకుడు సంకర్షణుడు అప్పుడే చదువు ముగించిన మీమాంసకుడు. వేదానికి ఎదురు నిలిచిన ప్రతి మతాన్నీ వాదంలో ఓడించాలన్న ఉబలాటంతో బయలుదేరతాడు. మొదట బౌద్ధ విహారానికి వెళ్తాడు. అక్కడి విందు వైభవం చూసి అతని సేవకుడు చేసే వ్యాఖ్యలు నవ్విస్తాయి. క్షణికవాదంపై వాదం మాత్రం నిజమైన శాస్త్రచర్చే. ఆ తరువాత జైనుల వద్దకు, అక్కడి నుంచి ఒకే నీలి వస్త్రం కప్పుకొని జంటలుగా తిరిగే నీలాంబరుల వద్దకు కథ సాగుతుంది. రాజు నీలాంబర వ్రతాన్ని నిషేధిస్తాడు.

కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. సంకర్షణుడికి మతవ్యవహారాలు చూసే ప్రభుత్వోద్యోగం లభిస్తుంది. ఇంతవరకు వాదించినవాడు ఇప్పుడు అధికారి. కొత్త విధానం కబురు తెలియగానే అల్లరి సాధువులు మూటాముల్లె సర్దుకొని పరుగుతీస్తారు. ఆ పరుగు చూసి ప్రేక్షకుడు నవ్వుతాడు. వెనువెంటనే, ఏ తప్పూ చేయని తపస్వులు కూడా భయపడుతున్నారని వినగానే ఆ నవ్వు గొంతులో ఆగుతుంది. వారికి అభయం ఇవ్వడానికి సంకర్షణుడే వెళ్లవలసి వస్తుంది. మొదటి అంకంలో అందరినీ ఓడిస్తానన్నవాడు, నాలుగో అంకానికి వచ్చేసరికి ఎవరినీ కాదనలేని స్థితిలో పడతాడు. చివరకు ధైర్యరాశి అనే వృద్ధ నైయాయికుడు, లోకమర్యాదకు భంగం కలిగించని ఆగమాలన్నిటికీ ప్రామాణ్యం ఉందని తీర్పు చెబుతాడు.

ఆ తీర్పులో ఔదార్యం ఎంత, రాజనీతి ఎంత అన్నది నేటికీ చర్చనీయమే. నాటకం మాత్రం ఒక విషయం స్పష్టంగా చూపింది. సమానుల మధ్య నవ్వు వాదంలో భాగం. ఆజ్ఞాపత్రం చేతిలో ఉన్నవాడు నవ్వితే అదే బెదిరింపు.

విదూషకుడి నాలుగు పురుషార్థాలు

ఈ సంప్రదాయం పుస్తకాల్లోనే ఆగిపోలేదు. యునెస్కో 2001లో మానవాళి వారసత్వ కళాఖండంగా ప్రకటించిన కేరళ కూడియాట్టంలో మత్తవిలాసం, భగవదజ్జుకం నేటికీ ప్రదర్శితమవుతున్నాయి. ఉత్తర కేరళలోని కొన్ని ఆలయాల్లో మత్తవిలాసం సంతానం కోసం చేసే మొక్కుగా కూడా నిలిచింది. సన్యాసులను నవ్వులపాలు చేసిన నాటకం దేవుడి ఎదుట అర్పణగా మారడం గమనించదగినది.

కూడియాట్టంలో విదూషకుడిది ప్రత్యేక స్థానం. నాయకుడి సంస్కృత శ్లోకాన్ని అతడు ప్రజల భాష అయిన మలయాళంలో వివరిస్తాడు, వెంటనే దానికి పేరడీ శ్లోకం చెబుతాడు. ధర్మం, అర్థం, కామం, మోక్షం అనే నాలుగు పురుషార్థాల స్థానంలో భోజనం, రాజసేవ, వినోదం, వంచన అనే నాలుగింటిని నిలిపి రోజుల తరబడి వ్యాఖ్యానిస్తాడు. మనుషులు నిజంగా దేని వెంట పరుగెత్తుతున్నారో చెప్పాక, దేని వెంట వెళ్లవలసిందో వేరుగా బోధించనవసరం ఉండదు. చాక్యార్ కూత్తు ప్రదర్శనలో సభలో కూర్చున్న ఎంతటివారినైనా చాక్యార్ పరిహసించవచ్చు. సంప్రదాయం ప్రకారం దానికి అభ్యంతరం చెప్పకూడదు. ఋషుల శాపం పొందిన నటవంశానికి సమాజం ఇచ్చిన రక్షణగా దీనిని భావించవచ్చు.

నవ్వు ఎప్పుడు వాదం అవుతుంది?

ఈ నాటకాలను పక్కపక్కన పెట్టి చూస్తే, హాస్యం తత్త్వాన్ని ఆసక్తికరం చేయడానికి మూడు షరతులు కనిపిస్తాయి.

మొదటిది, నవ్వేవాడికి విషయం తెలిసి ఉండాలి. సంవృతి సత్యం అంటే ఏమిటో తెలియనివాడు ఆ శ్లేష రాయలేడు. ఎదుటి సిద్ధాంతాన్ని సరిగా చెప్పిన తరువాతే దానిని ఆటపట్టించే హక్కు వస్తుంది. పూర్వపక్షాన్ని నిజాయతీగా నిలిపి ఆ తరువాత సమాధానం చెప్పే భారతీయ శాస్త్ర పద్ధతికి ఇది నవ్వు రూపం.

రెండోది, సిద్ధాంతాన్ని ఆకలి, నిద్ర, పోయిన పాత్ర, మారిపోయిన ఒళ్లు వంటి సామాన్య సందర్భంలో పెట్టాలి. శాండిల్యుడి కడుపు, సత్యసోముడి కపాలం ఆ పని చేస్తాయి. పరిభాష రానివారు కూడా అప్పుడు చర్చలో పాల్గొనగలుగుతారు.

మూడోది అన్నిటికన్నా కష్టమైనది. నవ్వేవాడు తనను కూడా లెక్కలో వేసుకోవాలి. మహేంద్రవర్మ తన న్యాయస్థానాన్నే దేవసోమ నోట ప్రశ్నింపజేశాడు. జయంతుడు తన పక్షం యువకుణ్ణే నవ్వులపాలు చేశాడు. ఇది లోపించిన చోట హాస్యం వట్టి ఎగతాళిగా దిగజారుతుంది. ఎగతాళి పడినవారు చర్చకు రారు, గాయపడి దూరం జరుగుతారు.

పిల్లలకు పరమానందయ్య శిష్యుల కథ చెప్పే పెద్దలకు ఇదంతా తెలియనవసరం లేదు. కథ చివర బాటసారి వేలు చూపించి ‘పదోవాడివి నువ్వే’ అన్నప్పుడు పిల్లలు మరోసారి నవ్వుతారు. ఏటి ఒడ్డున ఏడ్చినవారిని చూసి నవ్విన ఆ పిల్లలే, తరువాత బడిలో జట్టును లెక్కపెడుతూ ఎప్పుడో ఒకసారి తమను తాము వదిలేస్తారు. ఆ క్షణంలో కథ గుర్తుకువస్తే, పాఠం పూర్తయినట్లే.